రాత్రి తొమ్మిదింటికి ఏది మేలు: కేబులాయన నెట్టా, కంపెనీ ఫైబరా?

మాది అమలాపురం పక్కన పల్లెటూరండీ, ఇంట్లో రెండు లైన్లున్నాయి, ఒకటి వీధి కేబులాయనది, ఇంకోటి పెద్ద కంపెనీది, రెండూ 100 ఎంబీపీఎస్సే. పగలు తేడా తెలీదు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక కేబులాయన లైన్లో యూట్యూబ్ హాయిగా ఆడుద్ది గానీ ఆఫీసు మీటింగులో మొహాలు బిగుసుకుపోతాయి, ఆయన్నడిగితే స్పీడ్ టెస్ట్ పెట్టి 98 చూపిస్తాడు, అది అబద్ధమూ కాదు.

ఏంటంటే టెస్ట్ సర్వర్ చాలాసార్లు వాళ్ళ నెట్‌వర్క్‌లోనే ఉంటది, యూట్యూబ్ కూడా ఎక్కువగా దగ్గర్లో పెట్టిన గూగుల్ క్యాష్ (వీడియోల కాపీలు దాచే సర్వర్) నుంచే వస్తది. మీటింగ్ డేటా అలా కాదు, హైదరాబాదో చెన్నైయో ముంబైయో పోయి ఎక్స్ఛేంజ్‌లో, అంటే నెట్ కంపెనీల లైన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట, వేరే నెట్‌వర్క్‌కి చేరాలి. మన దేశం ట్రాఫిక్ విదేశం చుట్టి రాకూడదనే 2003లో నిక్సీ అనే ఎక్స్ఛేంజ్ సంస్థని పెట్టారు. సాధారణంగా ఎక్స్ఛేంజ్‌లో అందర్నీ కలిపే పెట్టె, అదే స్విచ్, నిండదు, దానికి మన నెట్ వాళ్ళు తగిలించిన పోర్టు (కనెక్షన్) నిండుద్ది. 10 జీబీపీఎస్ పోర్టు మీదకి 11 వచ్చిపడితే మిగిలింది బఫర్లో (డేటా కాసేపు ఆగే చోటు) క్యూ కడతది, పింగ్ (డేటా పోయి రావడానికి పట్టే టైము) పెరుగుద్ది, బఫర్ కూడా నిండితే ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, రాలిపోతాయి, డేటా పంపే పద్ధతి టీసీపీ వేగం తగ్గించేసుకుంటది. సంక్రాంతికి రావులపాలెం బ్రిడ్జి మీద కార్లు ఆగిపోతే ఊళ్ళో సీసీ రోడ్డు వెడల్పు చేసి ఏం లాభం? అందుకే 200 ప్లాన్‌కి మారినా ఒరిగేదేం లేదు.

పెద్ద కంపెనీలు గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటోళ్ళతో నేరుగా లింకులు పెట్టుకుంటాయి, మీటింగులు అందుకే సాఫీగా పోతాయి. అలాగని నేరుగా ఇచ్చిన లింకు నిండదని కాదు. అమెరికాలో లింకులు నిండిపోయి సినిమాలు ఆగిపోతుంటే పెంచే ఖర్చు ఎవరిదని గొడవపడి, చివరికి 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ అక్కడి పెద్ద నెట్ కంపెనీ కామ్‌కాస్ట్‌కి డబ్బు కట్టి నేరుగా కలుపుకుంది. ఇంకోటి, చిన్న నెట్‌వర్క్‌లతో డబ్బు తీసుకోకుండా కలవడానికి పెద్దోళ్ళు చాలావరకు ఒప్పుకోరు, అందుకని ఒక్కోసారి పక్కూరికి పోవాల్సిన డేటా సింగపూర్ దాకా పోయొస్తది!

రిపేరుకొస్తే మాత్రం కేబులాయనే దేవుడు, గాలివానకి కొబ్బరిమట్ట పడి వైరు తెగితే గంటలో బండేసుకుని వస్తాడు, కంపెనీకి కంప్లయింట్ పెట్టి రెండ్రోజులు కూర్చోవాలి.

మీరూ చూసుకోండి, ఒకే అడ్రసుకి మధ్యాహ్నం రెండింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి ఎంటీఆర్ (డేటా దారిలో ఒక్కో మజిలీకి పింగ్ ఎంతో చూపించే ప్రోగ్రాం) నడపండి. ఏ హాప్ (మజిలీ) దగ్గర పింగ్ ఎగిరి చివరిదాకా దిగకుండా ఉందో గొడవ ఆ చుట్టుపక్కలే, మధ్యలో ఒక్క హాప్ ఎగిరి తర్వాత మామూలైతే పట్టించుకోవద్దు. నేనైతే ఆ లెక్క కేబులాయనకి వాట్సాప్‌లో పెట్టా, వచ్చే నెల ఆయనకి నెట్ ఇచ్చే పైవాళ్ళు పోర్టు పెంచుతారంట. అప్పటిదాకా టీవీ ఆయన లైన్లో, మీటింగులు కంపెనీ లైన్లో.