కొలతల పుస్తకం అడిగిన గుమాస్తా గారు

ఇది ఒక వకీలు గారి ఆఫీసు గురించి రాస్తున్న సమీక్ష. కానీ ఎక్కువ భాగం ఆయన గుమాస్తా గురించే ఉంటుంది. 2019 జూన్‌లో మొదటిసారి ఆ ఆఫీసుకి వెళ్లాం. మేడ మీద ఆఫీసు, నేను ఎక్కలేక కింద ఆటోలోనే కూర్చున్నా. గుమాస్తా గారే కాగితాలు పట్టుకుని కిందికి దిగి వచ్చి సంతకాలు పెట్టించుకున్నారు. మా యాక్సిడెంట్ కేసు ఆరంభం అది. తర్వాత మా చెల్లెలి మనోవర్తి కేసు, అంటే భర్త నుంచి పోషణ ఖర్చుల కేసు కూడా అక్కడే ఇచ్చాం. రెండూ చూశాను కాబట్టి రాస్తున్నా.

ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, ఆసుపత్రి బిల్లుల గురించి నేను చెప్పను. ఏ వకీలు దగ్గరికెళ్లినా మొదట అవే అడుగుతారు. మా సంగతి ఇంతే: 2018 నవంబరులో మా ఆయన బండి మీద గుంటూరు వెళ్తుంటే నారాకోడూరు దాటాక పాల వ్యాను వెనక నుంచి గుద్దింది. ఆయనకు గీతలు, నాకు కుడి చీలమండ మూడు ముక్కలు. ప్లేటు వేశారు. ఆ చీలమండ ఇప్పటికీ వంగదు. నేను బ్లౌజులు కుట్టేదాన్ని, తొక్కుడు మిషను మీద.

కేసు వేసిన రెండు నెలలకు ఒక ఆదివారం గుమాస్తా గారు ఇంటికొచ్చారు. యాభై దాటిన మనిషి, చంకలో ఫైలు, చేతిలో గొడుగు. కాఫీ తాగి, "అమ్మాయ్, ఒకసారి మిషను మీద కూర్చుని కుట్టు, చూస్తా" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఈయనకి కూడా నమ్మకం లేదా అనుకున్నా. ఎడమ కాలితో తొక్కితే కుట్టు వంకరపోతోంది, పది నిమిషాలకు నడుము పట్టేస్తోంది. ఆయన ఏమీ మాట్లాడకుండా చూసి, "రోజుకెన్ని కుట్టేదానివి?" అన్నారు. ఆరు దాకా అన్నాను. ఇప్పుడు? రెండు, అదీ ఓపికుంటే. "రుజువేదీ?" అన్నారు. నాకేం రుజువుంటుంది? బోర్డు లేదు, జీఎస్టీ లేదు, బ్యాంకులో వేసే అలవాటు లేదు.

అప్పుడు ఆయన చూపు కిటికీలో ఉన్న కొలతల పుస్తకం మీద పడింది.

టైలర్లకు చెప్పనక్కర్లేదు, తెలియని వాళ్ల కోసం: ఒక్కొక్కరి కొలతలు, అడ్వాన్సు, ఇవ్వాల్సిన తేదీ రాసుకుని, ఆ గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి పక్కన పిన్ను కొడతాం, గుడ్డలు మారిపోకుండా. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ఇది జాగ్రత్తగా పెట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా దిద్దొద్దు" అని చెప్పి వెళ్లిపోయారు.

తర్వాత కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి. తెరిచాక డాక్టరు సాక్ష్యానికి రెండు వాయిదాలు పోయాయి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో నా వైకల్యం 25 శాతం అని ఉంది. నేను బోనెక్కేసరికి 2022 వచ్చేసింది.

ఇన్సూరెన్స్ వకీలు గారు మర్యాదగానే అడిగారు, అదే ఇంకా భయం వేసింది. "మిషనుకు మోటారు పెట్టుకోవచ్చు కదమ్మా? ఎడమ కాలితో నొక్కితే సరిపోతుంది కదా?" నేను తడబడ్డాను. మోటారు పెట్టుకున్నా కటింగు నిలబడే చెయ్యాలి, ఇస్త్రీ నిలబడే చెయ్యాలి, జిగ్‌జాగ్‌కి, హుక్కులు, లైనింగు గుడ్డలు తేవడానికి బజారుకు నడవాలి. ఇవన్నీ ముందురోజు సాయంత్రం గుమాస్తా గారు నా చేత చెప్పించారు కాబట్టి ఎలాగో చెప్పాను. పుస్తకం గురించి ఇన్సూరెన్స్ వకీలు గారు "ఇది ఎవరైనా ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు" అన్నారు.

జడ్జి గారు పుస్తకం ఇలా ఇవ్వండి అని తీసుకుని, మూసి, పక్క నుంచి చూశారు. నాకు అప్పటిదాకా తట్టనే లేదు. సంక్రాంతి, పెళ్లిళ్ల సీజను ఉన్న ముందు సగం గుడ్డ ముక్కలతో ఉబ్బిపోయి ఉంది. 2018 నవంబరు దగ్గర నుంచి పుస్తకం ఒక్కసారిగా పల్చబడింది. మధ్యలో కొన్ని నెలలైతే అసలు ఏమీ రాసి లేదు. ఆయన పైకి ఏమీ అనలేదు, వేళ్లతో రెండు వైపులా నొక్కి చూసి బెంచి క్లర్కుకు ఇచ్చేశారు.

ఆ తర్వాత లోక్ అదాలత్‌లో కంపెనీ వాళ్లు నాలుగున్నర లక్షలిస్తామన్నారు. వకీలు గారు ఒప్పేసుకోమన్నారు. ఆయన చెప్పిందీ తప్పు కాదు, అక్కడ రాజీ పడితే మళ్లీ అప్పీలుండదు, డబ్బు త్వరగా వస్తుంది. గుమాస్తా గారు మాత్రం మెట్ల దగ్గర మెల్లిగా, "జడ్జి గారు పుస్తకం చూశాక ఇప్పుడెందుకమ్మాయ్ తొందర" అన్నారు. ఆగాం. 2023 మార్చిలో తీర్పొచ్చింది. నా సంపాదన నెలకు 9,000 అని తీసుకున్నారు. సొంత పని, నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపారు. వైకల్యం కాగితం మీద 25 శాతమే అయినా, నా వృత్తికి జరిగిన నష్టం 40 శాతం అని లెక్కేశారు. 38 ఏళ్ల వయసుకు గుణకం 15, అంటే ఏడాది నష్టాన్ని 15తో గుణిస్తారు. ఆ లెక్కే 9,07,200 అయింది. అదే 25 శాతంతో ఆగిపోయి ఉంటే 5,67,000. వైద్యం ఖర్చులు, నొప్పికి ఇచ్చినవి కలిపి 11 లక్షల పైచిలుకు, దాని మీద ఏడున్నర శాతం వడ్డీ. ఒంటికైన దెబ్బ వేరు, దానివల్ల పనికైన దెబ్బ వేరు అని 2010లోనే రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. నాకు తీర్పు చదివించాకే తెలిసింది.

మొదట్లో అందరికీ గొప్పగా చెప్పేదాన్ని, ఒక్క రూపాయి తీసుకోకుండా కేసు నడిపారని. అది డబ్బు రానంత వరకే. చెక్కు వచ్చిన రోజు పది శాతం, అంటే లక్షన్నరకు దగ్గరగా, ఆపైన ఖర్చులని 38,000 తీసుకున్నారు. దేనికెంత అని అడిగితే కాగితం లేదు. వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకోకూడదని వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమమే ఉందని తర్వాత విన్నాను. మా వైపు అందరూ ఇలాగే ఇస్తున్నారు, నేనూ ఇచ్చాను. మొదటి రోజే ఆటోలో కూర్చుని సంతకాలు పెడుతూ ఒక మాట అడిగి ఉండాల్సింది. మిగిలిన దాంట్లో సగం కోర్టు మూడేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించింది. అది మాత్రం మంచిదే అయింది, లేకపోతే ఈపాటికి ఇల్లు కట్టడంలో కలిసిపోయేది.

ఇక మా చెల్లెలి కేసు. ఇక్కడ నాకు మనసు విరిగింది. 2021లో భర్త నుంచి మనోవర్తి కోసం వేశాం. యాక్సిడెంట్ ఫైలు మీద అంత శ్రద్ధ పెట్టిన ఆఫీసు దీన్ని మూలన పడేసింది. ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలని 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివాళ్లు ఆదాయం సున్నా అని రాసిచ్చినా మనవాళ్లు ఒక్క ప్రశ్న వేయలేదు. కేసు తేలేలోపు ఖర్చులకు ఇప్పించమని వేసిన మధ్యంతర పిటిషను పదకొండు నెలలు అలాగే పడి ఉంది. గుమాస్తా గారిని అడిగితే తల గోక్కుని, "ఇవి నాకు పెద్ద తెలీదమ్మాయ్" అన్నారు. నిజమే చెప్పారు పాపం. ఈ కేసులో చివర్లో చెక్కు రాదు కదా అని మా ఆయన అంటారు. నేను అంత దూరం అనలేను.

చివరికి కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవల కమిటీకి వెళ్లాం. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. వచ్చిన వకీలు చిన్నపిల్ల. మొదటి రోజే చెల్లెల్ని భర్త షాపు ఫొటోలు, కరెంటు బిల్లు తెమ్మంది. ఆరు నెలల్లో నెలకు 6,000 మధ్యంతర మనోవర్తి వచ్చింది, అదీ పిటిషను వేసిన తేదీ నుంచి. మధ్యలో ఆ అమ్మాయి మారి ఇంకొకరు వచ్చారు, మళ్లీ కథంతా మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

మరి ఆ ఆఫీసుకు వెళ్లమంటానా? యాక్సిడెంట్ కేసైతే, మీది నాలాగా రసీదుల్లేని చేతిపనైతే, ఫీజు ముందే కాగితం మీద రాయించుకోగలిగితే, వెళ్లండి. వెళ్లే ముందు గుమాస్తా గారు ఇంకా పనిలో ఉన్నారో లేదో కనుక్కోండి, మానేస్తానని పోయినేడు అన్నారు. ఇంకొకటి, 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల్లోపే క్లెయిము వేయాలని చట్టం మార్చారు. మేము ఏడు నెలలు కూర్చున్నాం, అప్పుడు చెల్లింది.

పుస్తకం ఇంకా కోర్టు రికార్డులోనే ఉంది. వాపసు కోసం పిటిషను వేయాలట. పాత ఖాతాదార్లు వచ్చి "నా ఆది నీ దగ్గరుందిగా అక్కా" అంటుంటే, జడ్జి గారి దగ్గరుందని చెప్పి మళ్లీ టేపు తీస్తున్నా.