తెచ్చినవారికి కమీషనా, ఇద్దరికీ తగ్గింపా?

చీరల షాపుకి కొత్త గిరాకీ ఎక్కువగా పాత కస్టమర్ల నోటిమాట మీదే వస్తుంది. ఆ మాటకి షాపు ఎలా విలువ కట్టాలి?

మొదటి పద్ధతి, మనిషిని తీసుకొచ్చినవారికి బిల్లులో ఇంత శాతం నగదు. లెక్క తేలిక. కానీ పెళ్లిబట్టలకి వదినని వెంటబెట్టుకొచ్చిన ఆవిడ, ఆ బిల్లు మీద తాను డబ్బు తీసుకున్నట్టు బయటపడితే ఏ మొహం పెట్టుకుంటుంది? అందుకే చాలామంది అసలు ఎవరికీ చెప్పరు. ఆటోవాళ్లకి, టైలర్లకి మాత్రం ఇదే సరైనది, వాళ్లకది సంపాదన.

రెండోది ఇద్దరికీ తగ్గింపు. వదినకి ఈ బిల్లులోనే 200 రూపాయలు తగ్గుతాయి, తెచ్చినావిడకి వచ్చేసారి అంతే. "నా పేరు చెప్పు, నీకూ తగ్గిస్తారు" అనడానికి మొహమాటం ఉండదు. పైగా ఆవిడ మళ్లీ షాపు మెట్లెక్కుతుంది. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ కూడా పిలిచినవారికీ, వచ్చినవారికీ అదనపు స్టోరేజీ ఇచ్చి జనాన్ని పెంచుకుంది. ఖర్చు రెండింతలు, నిజమే. లాభం పలచగా ఉండే కిరాణాకి ఇది మోయలేని బరువు. చీరలకైతే నా ఓటు దీనికే.

ఏ పద్ధతైనా ఒక్క మెట్టుతో ఆపాలి. చేరినవాళ్లు ఇంకొకరిని చేరిస్తే అందులోనూ వాటా అంటూ గొలుసు కట్టారో, 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టంతో చిక్కే.