215 తీసి 235 వేయించాను: ఎనిమిది నెలల తర్వాత

మా ఎస్‌యూవీతో వచ్చిన టైర్లు 215/65 ఆర్16. అంటే వెడల్పు 215 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము అడ్డుకొలత 16 అంగుళాలు. నాలుగూ అరిగిపోయాయి. ఎలాగూ మార్చాలి కదా, కాస్త వెడల్పువి వేయిద్దామని 235/60 ఆర్16కి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, సగం కారణం చూపులకే. అంత ఎత్తు బండికి ఆ సన్న టైర్లు, పహిల్వానుకు పిల్లాడి చెప్పులు తొడిగినట్టుండేవి.

లెక్క మాత్రం చూసుకునే వెళ్లాను. 215లో 65 శాతం అంటే టైరు పక్కగోడ ఎత్తు దాదాపు 140 మి.మీ. 235లో 60 శాతం 141. అంటే చక్రం మొత్తం ఎత్తు 686 నుంచి 688కి పెరుగుతుంది, అంతే. స్పీడోమీటరుకు తేడా తెలియదు. టైర్ల షాపులో అబ్బాయి మాత్రం ముందు 235/65 చూపించాడు, "అదే 235 కదా సార్" అంటూ. అదే కాదు. అది వేస్తే ఎత్తు 712 అవుతుంది. మీటరులో అదే అంకె కనిపిస్తున్నా బండి ఇదివరకటి కంటే దాదాపు 4 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది.

నా రిమ్ము వెడల్పు 6.5 అంగుళాలు. 235/60కి అదే కనీస కొలత, 7 అయితే సరిగ్గా కూర్చుంటుంది. అందుకే పక్కగోడ కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తుంది, పైగా సన్న రిమ్ము మీద టైరు వెడల్పు దాదాపు 5 మి.మీ. తగ్గుతుంది. 20 మి.మీ. పెరిగిందనుకుని మురిసిపోయాను, చేతికొచ్చింది 15. లోడ్ ఇండెక్సు 98 నుంచి 100కి పెరిగింది, అంటే ఒక్కో టైరు మోయగలిగేది 750 కిలోల నుంచి 800కి. అది తగ్గితే మాత్రం టైరు ఎంత బాగున్నా వద్దనేవాణ్ని.

మొదటి వారమంతా గాల్లో తేలాను. మలుపుల్లో బండి ఒరగడం తగ్గినట్టుంది, బ్రేకు నొక్కితే నేలను పట్టుకుని ఆగుతోంది. "వెడల్పు మహిమ" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

తర్వాత మా తమ్ముడు నా గాలి తీసేశాడు. వాడిదీ అదే మోడల్. నాకంటే నెల తర్వాత అదే కంపెనీ, అదే రకం టైర్లు పాత సైజులోనే వేయించాడు. ఒకే రోజు, ఒకే రోడ్డు మీద రెండు బండ్లూ మార్చి మార్చి నడిపాం. బ్రేకులో తేడా నాకు తెలియలేదు. వేగంగా తిప్పిన మలుపులో నాది కాస్త నిబ్బరంగా ఉంది, అంతే. నేను పొగిడినదాంట్లో ముప్పాతిక భాగం కొత్త రబ్బరుది. అరిగిన టైరు తీసి కొత్తది వేస్తే ఏ సైజైనా బాగానే ఉంటుంది! ఆ మాట నాకు నెల ముందు తట్టాల్సింది.

వానలో మాత్రం తేడా తెలిసింది, అదీ నా నెత్తినే పడింది. నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి. నెట్టలేకపోతే నీటి మీద తేలుతుంది. 80లో పోతుంటే స్టీరింగ్ ఒక్క క్షణం చేతిలో తేలికైపోయింది. అప్పట్నుంచి వానలో 60 దాటడం లేదు. చక్రాల గాడులు పడిన రోడ్డు మీద బండి వాటి వెంబడే లాగుతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ బరువెక్కింది. మైలేజీ లీటరుకు 14 వచ్చేది, 13 దగ్గర తిరుగుతోంది. మట్టి తలుపుల దాకా చిమ్ముతోంది, బండి కడిగేది మా ఆవిడ కాబట్టి ఆ సమీక్ష ఆవిడ రోజూ వినిపిస్తోంది.

ఇంకొకటి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే ముందు ఎడమ చక్రం లోపలి ప్లాస్టిక్‌కు తగిలి గర్రుమనేది. షాపులో స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే బిళ్లలు, వేద్దామన్నారు. చక్రం బయటికి జరిగితే బేరింగు మీద భారం పడుతుందని వద్దన్నాను. చూస్తే ఆ ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి ఊడి ఉంది. అది బిగించాక మామూలుగా చప్పుడు లేదు. ఐదుగురం ఎక్కి, వెనక సామాను నింపి, గతుకులో తిప్పితే ఇప్పటికీ ఒకసారి పలకరిస్తుంది. టైర్లు బిగించిన రోజే బండి నింపుకుని, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఖాళీ బండితో చూస్తే ఇది బయటపడదు.

స్టెప్నీ పాత 215నే. నాది రెండు చక్రాల డ్రైవే, పైగా ఎత్తులో తేడా 2.5 మి.మీ.యే కాబట్టి పంక్చరు పడ్డప్పుడు మెల్లగా ఇంటికి తెచ్చుకున్నాను. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు మాత్రం ఐదో టైరు గురించి ముందే ఆలోచించుకోవాలి. ఎత్తు తేడా ఎక్కువైతే ఆ భారం డిఫరెన్షియల్ మీద, అంటే చక్రాలకు శక్తిని పంచే గేర్ల మీద, పడుతుంది.

తీసేయను, ఇవి అరిగేదాకా నడుపుతాను. తర్వాత ఏ సైజు అని తమ్ముడు అడిగితే 215 అని గొణిగాను. వాడు మళ్లీ చెప్పించుకున్నాడు.