యూట్యూబ్ ప్రీమియం: మన ఇళ్లలో ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

నెలకు 149 రూపాయలు. కొత్త సినిమా ఏదీ ఇవ్వడు, క్రికెట్ ఊసే లేదు, ఇన్నాళ్లూ మనం ఊరికే చూసిన వీడియోలనే మధ్యలో ప్రకటనలు లేకుండా చూపిస్తాడు. ఈ సంగతి ఆర్కే బీచ్‌లో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఎవరికైనా చెప్పి చూడండి, "ఏటి బాబూ, యాడ్ రాకుండా ఉండడానికి డబ్బులు కట్టడమేటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ప్రకటనలు పెంచేదీ వాళ్లే, తీసేస్తామని డబ్బులడిగేదీ వాళ్లే. 2023లో యాడ్ బ్లాకర్లు, అంటే ప్రకటనలు రాకుండా అడ్డుకునే ప్రోగ్రాములు, వాడేవాళ్లకి వీడియో ఆడకుండా ఆపడం మొదలుపెట్టాక ఆ దొడ్డిదారి కూడా ఇరుకైపోయింది.

2019 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు దీని ధర 129. 2024 ఆగస్టులో 149 అయింది. అది పెద్ద పెంపు కాదనుకున్నా, ఫ్యామిలీ ప్లాన్‌ని 189 నుంచి ఒకేసారి 299కి తీసుకెళ్లారు చూడండి, అక్కడ జనానికి మండింది. అసలు మనకి ఉచితం అలవాటు చేసింది కూడా ఈ కంపెనీలే కదా. 2023 ఐపీఎల్ మొత్తం జియో సినిమాలో పైసా లేకుండా చూశాం. ప్రైమ్ వీడియోకి ఏడాది చందా కట్టినవాళ్లకి 2025 జూన్ నుంచి సినిమాల మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దంటే నెలకు ఇంకో 129 కట్టమన్నారు. ఇన్ని చూశాక "ఇవాళ ప్రకటనలు లేవంటాడు, రేపు ఇందులోనూ పెట్టడని గ్యారంటీ ఏంటి" అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు.

అయినా మా ఇంట్లో ప్రీమియం ఉంది. కారణం ప్రకటనలు కాదు, స్క్రీన్ ఆఫ్ చేసినా పాట ఆగకపోవడం. అమ్మ పొద్దున్న విష్ణు సహస్రనామం పెట్టుకుని వంటింట్లో పని చేసుకుంటుంది. ఉచితంగా అయితే ఫోన్ లాక్ పడగానే పాట ఆగిపోతుంది, తడి చేత్తో మళ్లీ తెరవాలి. దానికి తోడు స్తోత్రం మధ్యలో టూత్‌పేస్ట్ ప్రకటన వస్తే ఎంత ఓపికున్నవాళ్లకైనా చిరాకే. ఇప్పుడు ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టేస్తుంది, అరగంట దాని జోలికే వెళ్లదు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా రోజూ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లకీ ఇదే ఉపయోగం, ఫోన్ జేబులో పెట్టుకుని వినొచ్చు. యూట్యూబ్ మ్యూజిక్ కూడా ఇందులోనే వస్తుంది కాబట్టి పాటల కోసం వేరే యాప్‌కి డబ్బు కడుతున్నవాళ్లు అది మానేయొచ్చు. నాన్న ఘంటసాల పాటలన్నీ అందులో ఒక వరసగా పేర్చుకున్నారు, ఆ వరస జోలికి ఎవరైనా వెళ్తే ఇంట్లో గొడవే.

ప్రీమియంలో వీడియోలు డౌన్‌లోడ్ చేసి దాచుకునే సంగతికొస్తే, ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకి దాని విలువ తెలీదు. అరకు రైలెక్కితే తెలుస్తుంది. అనంతగిరి ఘాట్‌లో సొరంగం తర్వాత సొరంగం, సిగ్నల్ వచ్చిందనుకునేలోపే పోతుంది. కిటికీలోంచి కొండలు చూడక ఫోనెందుకంటారా, వెంట చిన్నపిల్లలున్నవాళ్లని అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, దాచుకున్న వీడియోలు శాశ్వతం కాదు, నెలకోసారైనా ఫోన్‌ని నెట్‌కి కలపాలి.

ఇక 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ప్రీమియం లైట్, నెలకు 89. చవగ్గా ఉంది కదా అని చాలామంది దాని మీద పడ్డారు. తీసుకునే ముందు షరతులు చదవండి. పాటల వీడియోల మీద ప్రకటనలు వస్తాయి, షార్ట్స్‌లో వస్తాయి, ఏదైనా వెతుకుతున్నప్పుడూ వస్తాయి. మరి మన ఇళ్లలో ఎక్కువగా చూసేదేంటి? సినిమా పాటలు, భక్తి పాటలు, షార్ట్సే కదా! ఇంగ్లీషు పాఠాలు, టెక్ రివ్యూలు గంటలకొద్దీ చూసేవాళ్లకి లైట్ సరిపోతుందేమో గానీ మామూలు తెలుగింటికి అది దండగ. పైగా ఏయూలోనో గీతంలోనో చదువుతున్న పిల్లలుంటే, స్టూడెంట్ ప్లాన్ కూడా 89 రూపాయలే, అందులో పూర్తి ప్రీమియం వస్తుంది. అదే డబ్బుకి సగం సరుకు ఎందుకు తీసుకోవాలి? కాకపోతే చదువుతున్నట్టు ఏటా రుజువు చూపించాలి.

ఫ్యామిలీ ప్లాన్ 299లో కట్టేవాళ్లతో కలిపి ఆరుగురు చేరొచ్చు, మనిషికి యాభై కూడా పడదు. ఎవరి ఖాతా వాళ్లదే, ఒకరు చూసినవి ఇంకొకరికి కనిపించవు. లెక్క ప్రకారం ఇదే మంచి బేరం. ఇబ్బందల్లా, అందరూ ఒకే ఇంట్లో ఉండాలనే నిబంధన. వైజాగ్‌లో ఏ ఇల్లు చూసినా అమ్మానాన్నలు ఇక్కడ, కొడుకు హైదరాబాద్‌లో, కూతురు బెంగళూరులో. "కుటుంబమంటే ఒకే కప్పు కింద ఉండేవాళ్లేనా" అని మా వదిన అడిగిన ప్రశ్న ఆ కంపెనీ వాళ్లకి ఎవరైనా చేరవేస్తే బాగుండు.

డబ్బు కట్టాక కూడా పోని ప్రకటనలు ఇంకొన్ని ఉన్నాయి. వీడియో చేసినవాళ్లే మధ్యలో ఆగి "ఈ వీడియో స్పాన్సర్ చేసింది" అంటూ రెండు నిమిషాలు చెప్పేవి. అది వీడియోలో భాగమే కాబట్టి ప్రీమియం ఆపలేదు, వేలితో ముందుకు జరపాల్సిందే. మనం కట్టే దాంట్లో కొంత, ఎవరి వీడియోలు ఎంతసేపు చూశామన్న లెక్కన వాళ్లకీ వెళ్తుంది, అయినా వాళ్ల స్పాన్సర్లు వాళ్లకుంటారు. ఇంకొకటి, "డబ్బు కట్టినా టీవీలో యాడ్స్ వస్తున్నాయి" అని గోలపెట్టేవాళ్లు ముందు టీవీలో ఏ ఖాతా ఉందో చూసుకోవాలి. ప్రీమియం మెయిల్ ఖాతాకి గానీ ఇంటికో టీవీకో కాదు.

ఐఫోన్ వాళ్లు యాపిల్ యాప్ స్టోర్ ద్వారా కట్టొద్దు, ధర ఎక్కువ పడుతుంది. బ్రౌజర్‌లో యూట్యూబ్ తెరిచి అక్కడ కట్టండి. కొత్తవాళ్లకి మొదటి నెల ఉచితమని చూపిస్తే తీసుకోండి, తీసుకున్న రోజే రద్దు కూడా చేసేయండి. రద్దు చేసినా గడువు అయ్యేదాకా నడుస్తుంది, యూపీఐ ఆటోపే మీకు తెలీకుండా డబ్బు లాగుతుందన్న టెన్షన్ ఉండదు. ఆ నెలలో అమ్మ, నాన్న ఎన్నిసార్లు వాడారో చూసి అప్పుడు కట్టాలో వద్దో తేల్చుకోండి.