చెంచా చేతికివ్వాలా, సైగ చేయాలా?

ఛార్జ్ సిండ్రోమ్ అనేది పుట్టుకతో వచ్చే అరుదైన జన్యు సమస్య. అది ఉన్న పిల్లల్లో చాలామందికి చూపు, వినికిడి రెండూ తక్కువే. బ్యాలెన్స్ కూడా ఆలస్యంగా వస్తుంది. ఎక్కువమందిలో దీనికి కారణం సీహెచ్‌డీ7 అనే జన్యువులో మార్పు అని 2004లో కనిపెట్టారు. ఇలాంటి బిడ్డతో మాట కలపడానికి రెండు దారులున్నాయి: వస్తువు గుర్తులు, చేత్తో తడిమి తెలుసుకునే సైగలు.

వస్తువు గుర్తు అంటే అన్నానికి ముందు రోజూ అదే చెంచా, స్నానానికి ముందు అదే మగ్గు చేతిలో పెట్టడం. అది చేతిలోనే ఉంటుంది కాబట్టి బిడ్డ తీరిగ్గా తడుముకోవచ్చు. సైగ అలా కాదు, చేసిన క్షణంలోనే మాయం. పైగా అమ్మమ్మతో సహా ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి. కానీ "ఇంకా కావాలి", "అయిపోయింది" అని చెప్పడానికి ఏ వస్తువు తెస్తాం? సైగకైతే వస్తువుల సంచి మోసే పని కూడా లేదు.

నన్నడిగితే ముందు చెంచా, దాంతోపాటే సైగ. బిడ్డ చేతులు పట్టుకుని బలవంతంగా ఆడించడం మాత్రం వద్దు. మీ చేయి తన చేతి కింద ఉండాలి. తర్వాత బిడ్డ జవాబు కోసం ఓ పది సెకన్లు కదలకుండా ఆగండి. (మనకు అదే కష్టం!) చెంచా తోసేసిందా, "ఇప్పుడొద్దు" అన్నట్టే. కంచం కాసేపు పక్కన పెట్టేయండి.