తాత కొన్న ఉన్ని కార్పెటా, మొన్న కొన్న మెషీన్‌దా?

హన్మకొండల మా ఇంట్ల ముందటి రూంల ఉన్న ఉన్ని కార్పెట్ తాత కొన్నది, వయసుల నాకన్నా పెద్దది, అంచులు చినిగినయ్ గని నడుమ ఇంకా గట్టిగనే ఉంది. తిప్పి చూస్తే ఒక్కో ముడి కనబడ్తది, పడుగు దారానికే, అంటే నేతల నిలువు పోగులకే, కట్టిన్రు కాబట్టి ఊడదు, సోఫా కాలు గుంత గూడ మెల్లగ లేస్తది. 1851ల లండన్ ఎగ్జిబిషన్‌కు పోయినయ్ మన వరంగల్ కార్పెట్లు, ఊకెనే కాదు!

మూడేండ్ల కింద కొన్నది టఫ్టెడ్, అంటే పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారం గుడ్డకు గుచ్చి ఎనుక లాటెక్స్ జిగురు పూసుడే, ఇప్పుడు ఊడుస్తుంటే జిగురు పొడిపొడిగ రాలుతుంది. చాయ్ మరక మాత్రం దీనికి జల్ది పోతది, పురుగు గూడ పట్టదు. ఉన్నిదైతే వానలు పోంగనే ఎండకేసి దులపాలె, లేకుంటే పురుగు తింటది. పిల్లల రూంల మాత్రం ప్లాస్టిక్‌దే ఏస్తున్న, పాడైతే పారేద్దామని.