పస్కా వారంలో ఇజ్రాయెల్: బసలు, బస్సులు, బియ్యం

యూదుల పస్కా పండుగ రోజుల్లో ఇజ్రాయెల్ వెళ్లేవారు చూడవలసిన చోట్ల జాబితా తర్వాత రాసుకోవచ్చు. ముందు క్యాలెండర్ ముందేసుకుని కూర్చోవాలి. 2019లో పండుగ తొలి రాత్రి ఏప్రిల్ 19, శుక్రవారం. మరునాడు శనివారం, అంటే పండుగా విశ్రాంతి దినమూ కలిసి వచ్చాయి. ఏడో రోజు, మళ్లీ పూర్తి సెలవు, 26వ తేదీ శుక్రవారం పడింది. దాని వెనకే ఇంకో శనివారం. ఈ రెండు జతల రోజుల్లోనూ రైళ్లు నడవవు, బస్సులు దాదాపు నడవవు, యూదుల దుకాణాలు తెరవరు. మధ్యలో ఆదివారం నుంచి గురువారం మధ్యాహ్నం దాకా మాత్రమే హాయిగా తిరగగలం. దేశంలోని పిల్లాపాపలంతా తిరిగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

మా అమ్మాయి అప్పుడు టెల్ అవీవ్ దగ్గర ఒక అంతర్జాతీయ బోర్డింగ్ పాఠశాలలో పదకొండో తరగతి చదువుతోంది. పస్కా సెలవులకు హాస్టల్ మూసేస్తారు. తనతో చదివే యూదు పిల్లలు, ఎక్కువగా అమెరికా, అర్జెంటీనాల నుంచి వచ్చినవాళ్లు, ఒక యువజన బృందంతో యాత్ర వేసుకుని మా అమ్మాయినీ చేర్చుకున్నారు. తల్లిదండ్రులు కావాలంటే సొంత ఖర్చుతో కొన్ని చోట్ల కలవవచ్చన్నారు. నేను ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాను. ఢిల్లీ నుంచి ఎయిరిండియా విమానం 2018 మార్చి మొదలుకొని సౌదీ గగనతలం మీదుగా వెళుతుండడంతో ప్రయాణం ఏడు గంటలు అటూ ఇటూగా ముగిసింది. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, చిన్న చీటీ ఇస్తారు. దాన్ని వెళ్లేదాకా జాగ్రత్తగా దాచుకోవాలి.

బయలుదేరే ముందు మా అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, పొడులు తెస్తే తే గానీ ఇంగువ డబ్బా మీద ఏం రాసి ఉందో ముందు చదువు" అంది. చదివితే దినుసుల్లో గోధుమ పిండి ఉంది. మనం బజారులో కొనే ఇంగువలో చాలా రకాలు అంతే, పిండితో కలిపి చేసినవి. పస్కా వారంలో గోధుమ, బార్లీ వంటి అయిదు ధాన్యాలతో చేసిన పదార్థం, మట్సా అనే పులియని పలచటి రొట్టె తప్ప, మరేదీ యూదుల ఇంట్లో ఉండకూడదు. పిండికి నీళ్లు తగిలిన పద్దెనిమిది నిమిషాల్లోపు కాల్చి ముగిస్తేనే మట్సా పనికొస్తుంది. ఇంగువలో ఉన్న ఆ చిటికెడు పిండి కూడా తప్పే. అందుకని వెల్లుల్లి కారం మాత్రం ఇంగువ లేకుండా కొట్టి తీసుకెళ్లాను. బృందం బస చేసిన హాస్టల్ భోజనశాలలోకి దాన్ని కూడా రానివ్వలేదనుకోండి. అక్కడ ఆహార నియమాలు చూసే పెద్దమనిషి బయటి సీసాలేవీ లోపలికి వద్దన్నాడు. మా నాయనమ్మ మడి కట్టుకున్న వంటింట్లో పెరిగినదాన్ని కనుక నాకు కోపం రాలేదు.

జెరూసలేంలో పిల్లల హాస్టల్ పశ్చిమ భాగంలో ఉంది. శుభ్రం, భద్రత బాగున్నాయి, మంచాలు ఇరుకు. నేను మాత్రం పాత నగరంలో, వియా డోలొరోసా వీధి పక్కన ఉన్న ఆస్ట్రియన్ హాస్పిస్‌లో దిగాను. 1863లో క్రైస్తవ యాత్రికుల కోసం తెరిచిన సత్రం అది. ఆ ఏడాది ఈస్టర్ 21నే పడడంతో గది దొరకడం కష్టమైంది, నెలల ముందే రాయించుకోవాలి. గదిలో ఆడంబరం ఏమీ లేదు, మెట్లెక్కి సామాను మోసుకోవాలి. కానీ మేడ మీదికి వెళితే బంగారు గోపురం నుంచి చర్చిల గంట గోపురాల దాకా పాత నగరమంతా కళ్ల ముందుంటుంది. పైగా యూదుల నియమాలు వర్తించని చోటు కనుక పొద్దున్నే మామూలు రొట్టె పెట్టారు. గుమ్మం దాటితే ముస్లింల వీధి, నువ్వులద్దిన పొడవాటి రొట్టెలు బండ్ల మీద అమ్ముతుంటారు. మూడో రోజుకే మట్సాతో విసిగిన ఇద్దరు అర్జెంటీనా కుర్రాళ్లు "ఆంటీని చూసి వస్తాం" అని బయలుదేరి ఆ బండి దగ్గర ఆగారని నాకు తెలుసు. నేనెవరికీ చెప్పలేదు.

ఈ మొత్తం యాత్రలో డబ్బుతో కొనలేనిది తొలి రాత్రి విందు, సేదెర్. దీన్ని హోటళ్లలోనూ ఏర్పాటు చేస్తారు, టికెట్టు పెడతారు. వద్దు. ఇంట్లో జరిగేదానికే వెళ్లండి. ఇళ్లు దగ్గర లేని పిల్లలను బృందం వాళ్లు నలుగురైదుగురి చొప్పున కుటుంబాలకు అప్పగించారు. మా అమ్మాయికి వచ్చింది మహనే యెహూదా మార్కెట్ వెనక సందుల్లో ఉండే బాగ్దాద్ మూలాల కుటుంబం. నన్నూ రమ్మన్నారు.

గురువారం సాయంత్రం పరిచయానికని వెళ్లేసరికి ఆ ఇంటి అవ్వ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి బియ్యం ఏరుతోంది. ఐరోపా మూలాల యూదులు పస్కాలో బియ్యం, పప్పులు కూడా ముట్టరు. ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు తింటారు, అయితే మధ్యలో గోధుమ గింజ ఒక్కటి కూడా లేదని తేల్చుకోవడానికి మూడుసార్లు ఏరాలి. ఆవిడ గుప్పెడు గింజలు తన వైపు లాక్కుని, చూపుడు వేలితో ఒక్కొక్కటే అవతలికి నెట్టేది. అద్దాలు ముక్కు మీదికి జారితే మోచేతితో పైకి తోసుకునేది, వేళ్లు మాత్రం బియ్యం వదిలేవి కావు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండోసారి ఏరుతుంటే నా వాటాలో ఒక గోధుమ గింజ దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టి చూపించగానే ఆవిడ అరబీలో ఏదో గట్టిగా అని, వంటింట్లోని కోడలిని పిలిచి మరీ చూపించింది. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో నా హోదా పెరిగింది.

శుక్రవారం ఉదయం వీధి మూలల్లో డబ్బాలు పెట్టి మిగిలిన రొట్టె ముక్కలు కాల్చేశారు. పొద్దు గుంకేలోగా వంటంతా ముగించి విద్యుత్ పలక మీద పెట్టారు, విశ్రాంతి దినంలో పొయ్యి వెలిగించరు కనుక. రాత్రి ఎనిమిదిన్నరకు కూర్చుంటే లేచేసరికి అర్ధరాత్రి దాటింది. భోజనం వచ్చేదే పదిన్నరకు, ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. అంతదాకా ఈజిప్టు నుంచి విడుదలైన కథ చదవడం, పాడడం, చేదు ఆకులు, ఖర్జూర పాకంలో అక్రోట్లు కలిపిన హరోసెత్. ఆ ఇంటి ఆచారం ప్రకారం గుడ్డలో చుట్టిన మట్సాను భుజాన వేసుకుని ఒకరు నిలబడాలి. ఎక్కడి నుంచి వస్తున్నావు అని అందరూ అడుగుతారు, ఈజిప్టు నుంచి అనాలి. ఎక్కడికి వెళ్తున్నావు అంటే జెరూసలేంకు అనాలి. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు మొదటి ప్రశ్నకు "హైదరాబాదు నుంచి" అంది. ఇల్లంతా గొల్లుమంది, అవ్వ కూడా. అన్నం పళ్లెం వచ్చాక అమెరికా అమ్మాయిలిద్దరిలో ఒకతె బంగాళదుంపలతో సరిపెట్టుకుంది, రెండోది "ఈ ఒక్క రాత్రికి నేనూ ఇరాక్ పిల్లనే" అని రెండుసార్లు వడ్డించుకుంది.

మరునాటి రాత్రి హాస్టల్లో ఇంకో సేదెర్ జరిగింది. విదేశాల్లో ఉండేవాళ్లకు రెండు రాత్రుల నియమం ఉంది, పండుగ కూడా ఎనిమిది రోజులు. వెళ్లి చూశాను. కుర్రకారు సగం మంది బల్ల మీదే నిద్రపోయారు.

సోమవారం అందరం మృత సముద్రం వైపు. పాఠశాల పిల్లల యాత్ర కనుక బస్సులో తుపాకీతో కాపలాదారు, ప్రథమ చికిత్స చేసే ఒక యువకుడు వెంట ఉన్నారు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు చూపిస్తేనే నడకకు అనుమతి. ఈ విషయంలో ఆ బృందం నిర్వహణకు వంక పెట్టలేను. పురాతన కోట ఉన్న మసాదా కొండ కింది యూత్ హాస్టల్లో నాకు వేరే గది దొరికింది, నా లెక్కలో మొత్తం యాత్రలో పెట్టిన డబ్బుకు తగిన బస అదే. తెల్లవారుజామున కొండ ఎక్కాలంటే అక్కడ పడుకోవడమే మార్గం. పాము దారి అని పిలిచే కాలిబాట మూడు వందల యాభై మీటర్ల ఎత్తు తీసుకెళుతుంది. రోప్‌వే ఉంది కానీ సూర్యోదయానికి అది తెరవరు. పైన హేరోదు రాజు కట్టించిన రాజభవనం కన్నా, కింద ఎడారిలో కోట ముట్టడికి రోమన్ సైన్యం వేసిన శిబిరాల హద్దు గోడలు చతురస్రాలుగా ఇప్పటికీ కనబడడం నాకు నచ్చింది.

ఏన్ గెదీ లోయకు మాత్రం ఆ వారంలో వెళ్లకండి. జలపాతం దగ్గర నీళ్ల కన్నా మనుషులు ఎక్కువ. దాని ఎదుట ఒకప్పుడు ఉన్న స్నానాల తీరం నేల కుంగి గోతులు పడడంతో మూసేశారు, మృత సముద్రం ఏటా మీటరుకు పైగా కిందికి దిగిపోతోంది. తేలియాడాలంటే దక్షిణాన ఏన్ బొకెక్ ప్రజా తీరం మేలు: ప్రవేశ రుసుము లేదు, ఒళ్లు కడుక్కోవడానికి మంచినీళ్ల షవర్లున్నాయి. మధ్యాహ్నం పిల్లలు మట్సా మీద చాక్లెట్ రాసుకుని తింటుంటే నా కారం సీసా ఎట్టకేలకు ఇసుకలో మోక్షం పొందింది.

తిరుగు ప్రయాణం నాది విడిగా. మసాదా స్టాపులో నిలబడితే ఎయిలాత్ నుంచి వచ్చే బస్సులు నిండిపోయి ఆగకుండానే పోయాయి. ఎండ, నీడ లేదు. చివరికి ఇంకో ఇద్దరు ప్రయాణికులతో కలిసి టాక్సీ మాట్లాడుకున్నాను, ఆ డబ్బుతో ఇంకో రాత్రి బస వచ్చేది. దారి మధ్యలో బస్సెక్కే ఆలోచన ఉంటే మానుకుని ఏన్ బొకెక్ లాంటి పెద్ద స్టాపుకో, ఏదైనా టూరు వ్యానుకో ముందే ఏర్పాటు చేసుకోండి.

చివరి రెండు రోజులు టెల్ అవీవ్‌లో. బండ్లు లేకున్నా కాలినడకన బతకగలిగిన ఊరు, సముద్రపు ఒడ్డున జాఫా దాకా నడిచిపోవచ్చు, జాఫాలో అరబ్బుల హోటళ్లు తెరిచే ఉన్నాయి. మా హోటలు మాత్రం పండుగ పేరు చెప్పి మామూలు అద్దెకు రెట్టింపు పుచ్చుకుని మూడు పూటలా బంగాళదుంపే పెట్టింది. శనివారం చీకటి పడ్డాక పిల్లలంతా పిజ్జా దుకాణం ముందు వరుస కట్టారు. గంటన్నర పట్టింది. మా అమ్మాయి ముక్క అందుకుని, అవ్వ ఇంట్లో అన్నమే బాగుందంది.